కత్తెరమ్మ కోసేసిన పంతొమ్మిది సెకన్లు

సినిమా ఎడిటరుగా ఆవిడ కత్తెర చేతపట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఫిల్ము రీళ్ళు పోయి కంప్యూటర్లు వచ్చాక కోయడానికైనా, అతకడానికైనా ఒక మీట నొక్కితే చాలు. కత్తెర పోయినా కత్తెరమ్మ అన్న పేరు మాత్రం పోలేదు. ఆ పేరు పెట్టింది సౌండు రికార్డు చేసే పెద్దాయన. ఆయన ఎవరికైనా పేరు పెట్టాడంటే అది ఇక వాళ్ళని వదలదు. తన పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు, అందరూ సౌండు పెద్దాయన అనే అంటారు.

ఆవిడ ఎడిటింగు గది పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఉంది. కిటికీకి నల్ల కాగితం, బల్ల మీద రెండు తెరలు, కుర్చీలో ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు. కింద డాక్టరు గారు మిషను ఆన్ చేశారంటే పైన ఆవిడ పని ఆపుకుని కూర్చోవాల్సిందే. కింద పన్ను పీకించుకునేవాళ్ళ మూలుగులు, పైన యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళ మూలుగులు. ఎవరి నొప్పి ఎవరిదో ఒక్కోసారి తెలిసేది కాదు.

పదకొండు నెలలుగా ఆ గదిలో ఒకటే సినిమా. కథా సినిమా కాదు, డాక్యుమెంటరీ. కొన్నేళ్ళ కిందట ముగిసిన యుద్ధంలో పనిచేసి వచ్చిన ఏడుగురు సిపాయిలు కెమెరా ముందు కూర్చుని, వాళ్ళకేం జరిగిందో వాళ్ళే చెబుతారు. పక్కన డప్పులుండవు, జెండాలుండవు. ఒక కుర్చీ, ఒక మనిషి, ఒక గోడ. దాదాపు నూటపాతిక గంటల మాటల్లోంచి గంటన్నర తియ్యాలి. అంటే ఆవిడ ఉద్యోగమంతా పారెయ్యడమే.

పారెయ్యడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఒకాయన మాటకి ముందు "అంటే" అంటాడు, తీసెయ్. ఇంకొకాయన దగ్గుతాడు, తీసెయ్. గాల్లో డ్రోన్లు తిరిగే రోజుల్లో నెలల తరబడి కందకంలో పడుకున్న ఒకతను ఫ్యాను చప్పుడుకి ఇప్పటికీ పైకి చూస్తాడు. ఆ చూపు ఒకసారి ఉంచి తక్కినవన్నీ తీసెయ్. అతుకు కనపడకుండా మధ్యలో ఒక కిటికీనో, టీ కప్పునో చూపిస్తే సరి. చూసేవాళ్ళకి ఆ మనిషి గుక్క తిప్పుకోకుండా మాట్లాడినట్టే ఉంటుంది. డైరెక్టరు మంచివాడే, కాకపోతే ఆయనకి పొద్దున లేస్తే ప్రేక్షకుడి బెంగ. "ప్రేక్షకుడికి ఓపిక లేదమ్మా" అంటాడు. ఆ ప్రేక్షకుణ్ణి ఆవిడ ఎన్నడూ చూడలేదు గానీ, ఎక్కడో కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంటాడని ఆవిడ ఊహ.

ఈ అలవాటు ఇంటికి కూడా వెళ్ళింది. ఆవిడ భర్త బళ్ళో డ్రాయింగు మాస్టారు. నెమ్మదైన మనిషి, ఆయన మాటకీ మాటకీ మధ్య ఒక కునుకు తీసి లేవచ్చు. ఆయన "ఇవాళ..." అని మొదలుపెడితే, "కూరగాయలు తేలేదు, అంతేగా" అని ఈవిడ పూర్తి చేసేస్తుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన సొంతంగా పూర్తి చేసిన వాక్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆయన కూడా దానికే అలవాటు పడ్డాడు.

అలసిపోయింది ఆవిడ. మెడ పట్టేసింది, కళ్ళు మంటలు. అంతకన్నా పెద్ద అలసట ఆ గొంతులది. బస్సులో పక్కవాడు దగ్గితే, ఇది మూడో సిపాయి దగ్గులా ఉందే అనుకునేది. ఈ సినిమా అయిపోతే ఒక నెల ఎవరి మాటా వినకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఇక డ్రైవరు సంగతి. ఏడుగురిలో అతను ఆఖరివాడు. యుద్ధంలో అంబులెన్సు నడిపాడు. ఇనప రేకుల తొడుగున్న పెద్ద బండి. ఒకరోజు బండిలో నలుగురు గాయపడ్డవాళ్ళున్నారు. ఐదోవాడు కూలిపోయిన గోడ వెనక ఉండిపోయాడు. కాలు విరిగింది, చేతిలో మాట్లాడే రేడియో ఉంది. వాడి దగ్గరికి బండి తిప్పబోతుండగా పైనుంచి ఆర్డరు వచ్చింది: గాల్లో రెండు డ్రోన్లున్నాయి, వెనక్కి వచ్చెయ్. డ్రైవరు వెనక్కి తిప్పాడు. నలుగురూ బతికారు. ఐదోవాడు బతకలేదు.

ఆ ఐదోవాడికి ఒక అక్క ఉంది. తల్లీ తండ్రీ లేని ఇంట్లో ఆ అక్కే వాణ్ణి పెంచింది. "మీ తమ్ముడు తక్షణమే ప్రాణాలు విడిచాడు, బాధపడలేదు" అని సైన్యం నుంచి ఆవిడకి ఉత్తరం వచ్చింది. ఆవిడ దాన్నే నమ్ముకుని బతుకుతోంది. యుద్ధం నుంచి వచ్చాక డ్రైవరు నెలకొకసారి ఆవిడ ఇంటికి వెళ్ళేవాడు. వెళ్ళి కొళాయి బాగుచేసేవాడు, తలుపు బందులు బిగించేవాడు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేకపోయేవాడు. మింగలేక కక్కలేక రెండేళ్ళు గడిచాయి.

అందుకే అతను ఈ సినిమాలో కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. షూటింగు రోజున డైరెక్టరుతో ఒకటే మాట అన్నాడట. "అక్కకి ఎదురుగా కూర్చుని నేను చెప్పలేను సార్. ఇందులో చెబుతాను. లోకానికి చూపించే ముందు అక్కకి చూపించండి. అదొక్కటే నేను అడిగేది."

సరే, చెప్పాడు. అంతా చెప్పాక డైరెక్టరు అడిగాడు: "వెనక్కి వస్తున్నప్పుడు రేడియోలో అతని గొంతు వినిపించిందా?" దానికి డ్రైవరు జవాబు ఒకే మాట. "వినిపించింది."

కత్తెరమ్మ ఆ ముక్కని మామూలుగానే సాపు చేసింది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీలో డ్రైవరు తన జాకెట్టు జిప్పుని పైకీ కిందికీ లాగుతున్నాడు, మైకు పక్కనే గరగరమని ఒకటే గోల. కోసేసి, ఆ చోట కిటికీని ఒక్క సెకను చూపించి, జవాబుని అతికించింది. అతుకు ఎంత బాగా కుదిరిందంటే ఆవిడే మెచ్చుకుంది. డిస్కులు నిండిపోతున్నాయని, వాడుకున్న ముక్కలు మాత్రం ఉంచి తక్కిన షూటింగంతా చెరిపెయ్యమని అన్నది కూడా ఆవిడే. తన కోత మీద ఆవిడకి అంత నమ్మకం.

డైరెక్టరు మాట నిలబెట్టుకున్నాడు. లాప్‌టాప్ పట్టుకుని ఆ అక్క ఇంటికి వెళ్ళి చూపించాడు. మర్నాడు పొద్దున గదికొచ్చి దిండు లేని కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమందండీ?" అంది కత్తెరమ్మ.

"ఏడవలేదమ్మా. తమ్ముడు బతికుండగా వదిలేసి వచ్చారని తెలిసింది, దానికి కూడా ఏమీ అనలేదు. ఆర్డరంటే ఆర్డరే కదా అంది. కానీ ఆ ఒక్క జవాబు దగ్గర లేచి నిలబడింది. అడిగీ అడగ్గానే చెప్పేశాడు, టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పాడు, అంది. మా తమ్ముడు పిలుస్తుంటే విన్నవాడు అలా చెబుతాడా అంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "డ్రైవరుకి ఫోన్ చేసి ఇంక మా ఇంటికి రావద్దని చెప్పిందట."

కింద పళ్ళ డాక్టరు మిషను మొదలైంది, ఆ వంకన ఇద్దరూ చాలాసేపు ఊరుకున్నారు.

అదే రోజు మధ్యాహ్నం డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. గొడవ పడటానికి వచ్చాడేమో అనుకుంది. పడితే బాగుండేది. అతను గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు కాసేపు చూసి, లోపలికొచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, నడక మాత్రం యాభై ఏళ్ళవాడిది.

"ఆ ముక్క ఒకసారి చూపిస్తారా అమ్మా" అన్నాడు.

చూపించింది. ప్రశ్న, కిటికీ, "వినిపించింది." అతను ముందుకి వంగి తన ముఖాన్ని తనే పరాయివాడిలా చూసుకున్నాడు.

"నేను అంత తొందరగా చెప్పానా అమ్మా?"

ఆవిడ నోరు తెరిచేలోగా అతనే మళ్ళీ అన్నాడు. "నాకు గుర్తులేదు. సినిమాలో అలాగే ఉంది కదా. అలాగే చెప్పుంటాను. అక్క తిట్టిందంటే తిట్టదా మరి."

తన కోత మనిషి బుర్రలో ఉన్నదాన్ని కూడా కోసెయ్యగలదని ఆవిడకి ఇన్నేళ్ళలో తట్టలేదు. తను చేసిన పనికి ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"లేదు బాబూ. నువ్వు ఆగావు. చాలాసేపు ఆగావు. నేనే కోసేశాను."

"ఎంతసేపు ఆగాను?"

ఆవిడకి తెలీదు. ప్రతి కోతకీ ఒక పుస్తకంలో వరుస రాసుకోవడం ఆవిడ పద్ధతి. తిరగేసి చూసింది. తన చేతిరాతే, గుండ్రంగా, నీటుగా ఉంది. "కోత: 19 సెకన్లు. ఏమీ లేదు."

డ్రైవరు కూడా చదివాడు. కాసేపు ఆ పేజీనే చూస్తూ నిలబడి, "సరేనమ్మా" అని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కాలు కడుక్కుందామన్నా ఇప్పుడు నీళ్ళు లేవు. సాయంత్రం దాకా డిస్కులన్నీ వెతికింది. ముందో సెకను, వెనకో సెకను తప్ప ఏమీ మిగల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న తెలివి తనదని తనని తనే తిట్టుకుంటూ ఇంటికెళ్ళింది.

ఇంట్లో భర్త మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, "ఇవాళ..." అన్నాడు. ఆవిడ ఆయన ముఖం వైపు చూస్తూ ఆగింది. ఆయన కూడా ఆగాడు. ఆమె ఎంతకీ పూర్తి చెయ్యకపోయేసరికి ఆయనకి కంగారు పుట్టింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. జరిగిందంతా చెప్పుకుంది. ఆయన విని, తన తీరులో తీరిగ్గా ఆలోచించి, "బొమ్మ... వేరు... సౌండు... వేరు కదా" అన్నాడు. ఆ నాలుగు ముక్కలకీ ఆవిడ అడ్డు పడలేదు కాబట్టి సరిపోయింది. అడ్డుపడి ఉంటే "బొమ్మ వేసుకోవాలి, అంతేగా" అని తేల్చేసి ఉండేది.

నిజమే. కెమెరా వేరు, సౌండు మిషను వేరు. సౌండు పెద్దాయన తన మిషన్లో మొత్తం రికార్డు చేసి, ఆవిడ అడిగిన ముక్కలే కాపీ చేసి ఇచ్చేవాడు. అసలుది ఆయన దగ్గరే ఉండాలి.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటి తలుపు తట్టింది. ఆయనకి ఎడమ చెవి ఈమధ్య సరిగా వినిపించడం లేదు. ఆ సంగతి పైకి చెప్పడు, కుడివైపు తిరిగి కూర్చుంటాడు అంతే. ఆమె చెప్పిందంతా కుడిచెవితో విని మంచం కింద నుంచి ఒక చెప్పుల పెట్టె లాగాడు. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అన్నిట్లోనూ చిన్న చిన్న మెమరీ కార్డులు, ఒక్కొక్కదానికీ చీటీ.

"మీరంతా పారేసేది నేను దాచుకుంటాను" అన్నాడు. "మా ఆవిడ నన్ను చెత్తబుట్ట అంటుంది."

"ఇప్పుడూ అంటాను" అంది వంటింట్లోంచి వాళ్ళావిడ.

డ్రైవరు చీటీ దొరికింది. చీటీ మీద ఆయన రాసుకున్నది: "జిప్పు గోల."

"బాబాయ్ గారూ, మీకూ చిరాకేసిందా అది?"

"ఎందుకెయ్యదు? అది ఆపమని ఆ అబ్బాయితో చెబుదామని లేచాను కూడా. వాడి ముఖం చూసి కూర్చున్నాను." ఆయన హెడ్‌ఫోన్లు ఆమెకిచ్చాడు. "నువ్వు విను. నాకెందుకులే, ఒకసారి విన్నాను."

విన్నది. ప్రశ్న. తర్వాత ఫ్యాను చప్పుడు. ఊపిరి. దూరంగా ఏదో బండి వెళ్ళింది. జిప్పు పైకి, జిప్పు కిందికి. పైకి వెళ్ళేటప్పుడు ఒకచోట పట్టేస్తోంది, ఆగి మళ్ళీ కదులుతోంది. మధ్యలో పెదాలు విడిన చప్పుడు, మాట రాలేదు. మళ్ళీ జిప్పు. గొంతులో ఏదో మొదలై ఆగిపోయింది. జిప్పు ఆగింది. "వినిపించింది."

తన పుస్తకంలో "ఏమీ లేదు" అని రాసుకున్నది ఇదే. ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పటికి పదకొండు నెలల అలసట ఒక ఎత్తు, ఆ పూట వచ్చిన అలసట ఒక ఎత్తు.

దొరికింది సరే, దీన్ని ఆ అక్కకి వినిపించడం ఎలా? డైరెక్టరు ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తడం లేదు. "రోజు చూసి నిదానంగా వెళదామమ్మా" అన్నాడాయన. నిదానం అన్న మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదటిసారి. కత్తెరమ్మ వినలేదు. ఆ అక్క బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుందని తెలుసు. మధ్యాహ్నం భోజనాల వేళకి గేటు దగ్గర నిలబడింది.

ఆ అక్కకి నలభై లోపే ఉంటాయి. మెళ్ళో కొలత టేపు, రవికకి గుచ్చుకున్న సూదులు, వేలికి ప్లాస్టరు. గేటు పక్కనున్న మెట్ల మీద అన్నం డబ్బా విప్పుకుని కూర్చోబోతోంది.

"సినిమావాళ్ళా?" అంది, కత్తెరమ్మ చేతిలో హెడ్‌ఫోన్లు చూసి. "నేను చెప్పాల్సింది మీ సార్‌తో చెప్పాను. ఆపండని నేననను. మా తమ్ముడి ఫోటో మాత్రం అందులో పెట్టకండి."

"ఫోటో కోసం రాలేదమ్మా. నేను చేసిన తప్పు చెప్పడానికొచ్చాను." కత్తెరమ్మ పక్క మెట్టు మీద కూర్చుంది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. "ఆ అబ్బాయి వెంటనే జవాబు చెప్పలేదు. మధ్యలో ఉన్నదంతా నేను కోసేశాను. ఖాళీ అనుకున్నాను. బొమ్మ పోయింది, సౌండు ఒక్కటే ఉంది. వినమని బలవంతం పెట్టను."

ఆ అక్క చాలాసేపు డబ్బా మూతనే చూస్తూ ఊరుకుంది. కత్తెరమ్మ కూడా ఊరుకుంది. ఊరుకోవడం ఇంత కష్టమైన పని అని ఆమెకి ఆ మెట్ల మీద తెలిసింది.

చివరికి ఆవిడ చెయ్యి చాపింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కత్తెరమ్మ మీట నొక్కి, ఆవిడ ముఖం చూడకుండా ఎదుటి గోడ చూస్తూ కూర్చుంది.

పంతొమ్మిది సెకన్లు అయిపోయాయి. ఆవిడ హెడ్‌ఫోన్లు తియ్యలేదు.

"ఇంకోసారి పెట్టండి" అంది.

రెండోసారి వింటూ ఆవిడ కుడిచెయ్యి తనకి తెలియకుండానే మెడ దాకా వెళ్ళింది. లేని జిప్పుని పట్టుకుని పైకీ కిందికీ కదిపింది. ఒకచోట ఆపింది.

"ఇక్కడ పట్టేస్తుంది" అంది. "ఆ అబ్బాయి జాకెట్టుకి ఈ జిప్పు వేసింది నేనే. పాతది ఊడిపోతే మా ఇంట్లో ఉన్నది తీసి వేశాను. పళ్ళు సరిగా కూర్చోలేదు. మారుస్తాను నాయనా అంటే, పర్లేదక్కా అనేవాడు."

కత్తెరమ్మ మీట నొక్కి సౌండు ఆపింది.

"ప్రతినెలా వచ్చేవాడు. పనంతా అయ్యాక బల్ల దగ్గర కూర్చుని ఇదే చప్పుడు. పైకీ, కిందికీ. నేనేమనుకునేదాన్నో తెలుసా? వెళ్ళడానికి తొందరపడుతున్నాడు, మొహమాటానికి కూర్చున్నాడు అనుకునేదాన్ని." ఆవిడ గొంతు అక్కడ పట్టేసింది. ఆగి మళ్ళీ కదిలింది. "సరే నాయనా, పొద్దుపోతోంది, వెళ్ళిరా అనేదాన్ని. ప్రతినెలా నేనే అనేదాన్ని. రెండేళ్ళు."

గంట మోగింది. జనం లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆవిడ డబ్బా విప్పనేలేదు. మూత నొక్కి, లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

"ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యడానికి నాకు ముఖం చెల్లడం లేదు. మీరు చెప్పండి. ఆదివారం రమ్మనండి. ఈసారి నేను వెళ్ళిరా అననని చెప్పండి."

సినిమాలో ఆ చోట ఇప్పుడు కిటికీ లేదు. పంతొమ్మిది సెకన్లు తెర నల్లగా ఉంటుంది, ఫ్యానూ, ఊపిరీ, జిప్పూ వినిపిస్తాయి. మిషను పాడయిందనుకుని ప్రేక్షకుడు లేచి వెళ్ళిపోతాడేమో అన్నాడు డైరెక్టరు. "పోతే పోనివ్వండి" అంది కత్తెరమ్మ. ఆయన మారు మాట్లాడలేదు. పుస్తకంలో పాత వరుస పక్కన ఆవిడ ఇంకేమీ రాయలేదు. "ఏమీ లేదు" అన్న రెండు మాటలూ కొట్టేసింది.

ఆదివారం వచ్చింది. ఆ అక్క ఇంట్లో కెమెరా లేదు, మైకు లేదు, ఏం జరిగిందో ఎవరూ రికార్డు చెయ్యలేదు. కత్తెరమ్మ పొద్దుట్నుంచీ ఇంట్లో ఒక పనీ చెయ్యలేక ఫోన్ పక్కనే తిరిగింది. సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది.

డ్రైవరే. "అమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. ఇదివరకటి కత్తెరమ్మ అయితే ఈపాటికి హలో హలో అని నాలుగుసార్లు అరిచి, లైను పోయిందని పెట్టేసి ఉండేది. ఆమె ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని కూర్చుంది. గది అవతల నుంచి భర్త కూడా చూస్తున్నాడు, ఆయనకి ఆగడం కొత్త కాదు.

"రేడియోలో వాడు ఏమేమన్నాడో మొత్తం చెప్పానమ్మా" అన్నాడు డ్రైవరు చివరికి. "పావుగంట పట్టింది. ఒక్క ముక్క వదల్లేదు. అక్క అంతా విన్నది."